ఎండను తట్టుకున్న ఫెర్న్‌ని నీళ్లు పోసి చంపాను

బండ పగులులో బుల్లి తాటిచెట్టు! నిజంగా తాటిచెట్టు కాదులెండి, అరచేతిలో పట్టేంత మొక్క. ఆకులు మాత్రం అచ్చం విసనకర్రలే. రెండేళ్ల కిందట వానాకాలంలో, హైదరాబాద్ శివార్లలో మా అపార్ట్‌మెంట్ వెనక గుట్ట మీద కనిపించింది. ముచ్చటపడి వేళ్లతో సహా పీకి తెచ్చి బాల్కనీ కుండీలో పెట్టాను. ఫోన్‌లో యాప్ 'ఫెర్న్' అంది. ఫెర్న్ అంటే నీడ, తేమ ఉండాలి కదా! (నా బోటనీ టెన్త్‌తోనే ఆగిపోయింది.) రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. మూడు వారాల్లో కుళ్లిపోయింది.

అప్పుడు కూర్చుని చదివాను. దాని పేరు ఆక్టినియాప్టెరిస్ రేడియేటా. ఆయుర్వేదంలో మయూరశిఖ అంటారు. బండల పగుళ్లు, పాత గోడలే దాని ఇల్లు. ఎండాకాలంలో ఆకులు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది, వాన పడగానే మళ్లీ విచ్చుకుంటుంది. మన ల్యాప్‌టాప్ స్లీప్ మోడ్ లాగే. నేనేమో దాన్ని నిద్రపోనివ్వలేదు.

అసలు సంగతి దాని కుటుంబంలో ఉంది. పేరు టెరిడేసి, సుమారు 1,200 జాతులు. పాత బావుల గోడలకు సన్నని నల్లటి కాడలతో వేలాడే మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ దీని చుట్టమే. దానికి తడి ఆరితే చాలు, ఆకులు ఎండిపోతాయి. సెరటాప్టెరిస్ అయితే ఏకంగా నీళ్లలోనే పెరుగుతుంది. సుందర్బన్స్ మడ అడవుల్లో ఉండే అక్రోస్టికమ్ ఆరియం ఉప్పునీటినీ తట్టుకుని, మనిషిని మించిన ఎత్తు ఆకులు వేస్తుంది. ఇంకొకటి, టెరిస్ విట్టాటా, సున్నం గోడల సందుల్లో మొలుస్తుంది. అది నేలలోని ఆర్సెనిక్‌ని లాగి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో 'నేచర్' పత్రికలో వచ్చింది. విషం తిని పచ్చగా ఉండే మొక్క!

ఇంటిపేరు ఒకటే, కాపురాలే వేరు. వీటిలో చాలావాటిని పోల్చుకోవాలంటే ఆకు తిప్పి చూడండి. వెనక, అంచు మడత కింద సిద్ధబీజాలు వరసగా కనిపిస్తాయి. అక్రోస్టికమ్ మాత్రం అలా కాదు, దాని కొసాకుల వెనకంతా సిద్ధబీజాలే.

మొన్న మే నెలలో మళ్లీ గుట్టెక్కాను. సగం గుట్ట లేదు. బండలు పేల్చి ప్లాట్లు చేస్తున్నారు. మొదటి మొక్క దొరికిన పగులు ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. మిగిలిన సగంలో వెతికితే ఒకచోట ఆరు మొక్కలు కనిపించాయి. అన్నీ ముడుచుకునే ఉన్నాయి, ఇంకా వాన పడలేదు.