అటకెక్కిన ఎన్‌లార్జరు

ఒక పాఠశాల సైన్సు గదిలో, బీరువా మీద, ప్లాస్టికు సంచిలో మూతి బిగించి కట్టిన ఫోటో ఎన్‌లార్జరు ఉండెను. పాత విద్యార్థుల నెగటివులకు మరల ప్రతులు తీయవలెనని దానిని దింపితిమి. వానకాలపు తడి తగులకూడదని ఎవరో ఎంతో శ్రద్ధతో కట్టినారు. ఆ శ్రద్ధయే చేటు తెచ్చినది. లోపల చిక్కుకొన్న చెమ్మకు కటకముపై సాలెపోగుల వలె బూజు అల్లుకొన్నది. తుడువగా బూజు పోయినది గాని, అది గాజుపూతను తిన్న మచ్చలు పోలేదు. బొమ్మలు మసకబారి వచ్చినవి.

పనిచేసి అరిగిపోయిన ఎన్‌లార్జరులు అరుదు. ఊరక పడియుండి చెడినవే ఎక్కువ. పైన దీపము, దాని క్రింద కాంతిని కూడదీయు కండెన్సరు, నెగటివు చట్రము, మడతల తిత్తి, అడుగున కటకము. వేగముగా తిరుగు భాగమొక్కటియు లేదు. డిజిటల్ కెమెరాలు వచ్చిన పిదప వీటిని తయారుచేయువారు మిక్కిలి తగ్గిరి. విడిభాగములకు పాత సామాను అంగళ్లను వెదకవలసినదే.

కాబట్టి దాచునపుడు గాలియాడు నూలుగుడ్డ కప్పవలెను. కటకమును ఊడదీసి, సిలికా జెల్ పొట్లముతో డబ్బాలో వేరుగా ఉంచుట మేలు. ఆ జెల్‌ను అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టనిదే ప్రయోజనము లేదు. ఈ సంగతి మరచువారే అధికము. కటకము తీసిన రంధ్రమును మూయకున్నచో పురుగులు కాపురము పెట్టును. తిత్తిని పూర్తిగా నొక్కియుంచరాదు, మడతల వద్ద చిట్లును.

చీకటిగదిలో మందునీళ్ల పళ్లెములు ఒక ప్రక్కను, ఎన్‌లార్జరు మరియొక ప్రక్కను ఉండవలెను. అసిటిక్ ఆమ్లపు ఆవిరి లోహమును తినును. ఒలికిన హైపో ఎండి, పొడియై లేచి, నెగటివుపై వాలును. నెగటివు మీది దుమ్ము ప్రతిలో తెల్లని చుక్కయై కనబడును.

కండెన్సరును శుభ్రపరచునపుడు ముందుగా ప్లగ్గు తీసి, దీపము చల్లారనిచ్చి, కటకముల వరుసను కాగితముపై గీసికొనవలెను. సాధారణముగా రెండు కటకముల ఉబ్బు ముఖములును ఒకదానికొకటి ఎదురుగా నుండును. తారుమారైనచో వెలుగు సమముగా పడదు. స్ప్రింగు గల స్తంభముతో మరింత జాగ్రత్త: దీపపు గూడును పైకంటనెత్తి బిగింపకుండ ఊడదీసినచో, స్ప్రింగు విసురునకు చేయి చితుకవచ్చును. పాత రబ్బరు తీగలు పగిలియున్నచో మార్చిన పిదపనే కరెంటు ఇయ్యవలెను.

మా యంత్రమునకు 39 మిల్లీమీటర్ల మరచుట్టు ఉండుట అదృష్టము. పెక్కు ఎన్‌లార్జరు కటకములకు అదే కొలత గనుక, వేరొక కంపెనీ చేసిన 50 మిల్లీమీటర్ల పాత కటకము సరిపోయినది. తరువాత విద్యార్థులు నల్లని ఫిల్ముముక్కపై సూదితో గళ్లు గీసి, చట్రములోనుంచి బల్లపై పడనిచ్చిరి. మూడు మూలలు స్పష్టముగా నున్నవి, నాలుగవది చెదరినది. గూడు ఒక వైపునకు ఒరిగినదన్నమాట. మరలు వదులుచేసి, రసమట్టముతో సరిచేయుటకు ఒక సాయంకాలము పట్టినది. మరునాడు ప్రతులు తీసితిమి.