ఎండాకాలంలో చేపకు ఊపిరాడని వేళ ఏది?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల సామెత. ఆ రోజుల్లో విజయవాడలో ఎండ 44, 45 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరడం మనకు కొత్త కాదు. 1957లో పూర్తయిన ప్రకాశం బారేజికి దిగువన కృష్ణ ఇసుక తిన్నెలుగా మారి, అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగులుతాయి. ఏలూరు, బందరు, రైవస్ కాలవలు కట్టేసినప్పుడు లాకుల దగ్గర, వంతెనల కింద ఉన్న గుంటల్లోకి చేపలు చేరుతాయి. సెలవుల్లో ఉన్న పిల్లలు గాలపు కర్ర, వానపాముల డబ్బా పట్టుకుని బయలుదేరేది కూడా అప్పుడే.

నీరు తక్కువ, చేపలు ఎక్కువ. కాబట్టి గాలానికి సులువుగా పడాలి కదా! కాని ఒకనాడు గంటలో నాలుగు చేపలు పడితే, మరొకనాడు పూటంతా కూర్చున్నా బెండు కదలదు. ఎందుకని? దీనికి సగం జవాబు ఎరలోను, గాలంలోను కాక, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌లో ఉంది.

వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ

గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి చూడండి. నీరు మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు చిన్న చిన్న బుడగలు అంటుకుని కనిపిస్తాయి. అవి నీటిలో కరిగి ఉన్న గాలి బుడగలు. నీరు వేడెక్కిన కొద్దీ తనలో గాలిని నిలుపుకోలేదు. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు ఏడున్నర, 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. మనం పీల్చే గాలిలోనో, లీటరుకు సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఎంత మంచి నీటిలో ఉన్నా, చేప మనకంటే ఎంతో పేదదన్నమాట!

చేప శీతల రక్త జంతువు. నీరు వేడెక్కితే దాని ఒళ్లూ వేడెక్కుతుంది. 10 డిగ్రీలు పెరిగితే దాని శరీరానికి కావలసిన ఆక్సిజన్ సుమారు రెట్టింపవుతుంది. ఒకవైపు రాబడి తగ్గింది, మరొకవైపు ఖర్చు పెరిగింది. తిన్న మేత అరగడానికి కూడా ఆక్సిజన్ కావాలి. అందుకే ఊపిరి చాలని చేప మేత ముట్టదు. నోటి ముందు వానపాము ఆడుతున్నా పట్టించుకోదు.

పారే నీరు, నిలవ నీరు

అయితే ఏ వేళలో గాలం వెయ్యాలి? చల్లగా ఉండే తెల్లవారుజామున అని మీరు వెంటనే అంటారు. పారే నీటికి ఆ జవాబు సరిపోతుంది. రాళ్ల మీద దూకుతూ, సుడులు తిరుగుతూ పారే నీరు ఎప్పటికప్పుడు గాలిని కలుపుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ రాత్రీ పగలూ అందుతూ ఉంటుంది కాబట్టి, నీరు చల్లగా ఉన్న వేళే చేపకు హాయి.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో చల్లని నదుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుంది. ఈకలు, దారాలతో ఈగలా కట్టిన ఎరను నీటి మీద ఆడించి దాన్ని పడతారు. వేసవి చివర నీటి వేడి వరుసగా మూడు రోజులు సుమారు 23 డిగ్రీలకు చేరితే, అక్కడి అధికారులు మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు గాలం వేయడాన్ని నిషేధిస్తారు. మనకు 23 డిగ్రీలంటే చన్నీళ్లే. చల్లని నీటికి అలవాటు పడిన ట్రౌట్‌కు అదే మండు వేసవి.

కాని కైకలూరు వైపు వెళ్లి, కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల రైతులను అడగండి. వేసవిలో వారికి భయం మధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున! ఆకుపచ్చని నిలవ నీటి నిండా కంటికి కనిపించనంత చిన్న నాచు మొక్కలు ఉంటాయి. పగలు అవి కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. సాయంత్రానికి పై నీటిలో అది సమృద్ధిగా ఉంటుంది. చీకటి పడగానే తయారీ ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. నాచు, చేపలు, అడుగు బురదను కుళ్లబెట్టే బాక్టీరియా, అన్నీ కలిసి రాత్రంతా ఆ నిలవను ఖర్చు చేస్తాయి. సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే బొచ్చె, శీలావతి వంటి చేపలు హాయిగా ఉంటాయి. 3 కంటే తగ్గితే ఇబ్బంది పడతాయి. మరీ తగ్గితే పైకి తేలి, నోళ్లు తెరిచి, గాలి తగిలే పై పొర నీటి కోసం ఆరాటపడతాయి.

పోనీ అడుగుకు పోతే చల్లగా ఉంటుంది కదా? ఉంటుంది. కాని పై నీరు వేడెక్కి తేలికై పైనే నిలిచిపోతుంది. అడుగు నీటికి గాలి అందదు. పైగా అక్కడి బురద కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ మింగేస్తుంది. అందుకే వేసవి చివర తొలి జల్లు పడిన రాత్రి కొన్ని చెరువుల్లో చేపలు గుంపుగా చనిపోతాయి. చల్లని వాన నీరు బరువై కిందికి దిగి, ఆక్సిజన్ లేని అడుగు నీటిని పైకి కలిపేస్తుంది. రైతు ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోవచ్చు. మబ్బు పట్టిన రోజుల తర్వాత రైతులు నిద్ర మానుకుని కాపలా కాసేదీ, మేత తగ్గించేదీ ఇందుకే.

కొర్రమీను తీరే వేరు

ఇదే నీటిలో కొర్రమీను, మట్టగిడస, మార్పు నిశ్చింతగా బతుకుతాయి. మొప్పలతో పాటు, నేరుగా గాలిని పీల్చుకునే ఏర్పాటు వాటి తలలో మొప్పల పైభాగాన ఉంటుంది. కొర్రమీను కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి గాలి మింగిపోతుంది. పైకి రానివ్వకుండా వలతో అడ్డుపెడితే, నీటిలో ఉండే ఆ చేప నీటిలోనే ఊపిరాడక చస్తుంది! అది పైకి వచ్చిన చోట లేచే బుడగను చూసి, కప్పను ఎరగా వేసే గాలగాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

తొలి వానలకు కొర్రమీను గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లల గుంపు నీటి మీద మెదులుతుంటే, కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. దగ్గరికి వచ్చిన దేన్నయినా కరుస్తాయి కాబట్టి గాలానికి అప్పుడు ఇట్టే దొరుకుతాయి. ఆ ఒక్క చేపను లాగితే పిల్లల గుంపంతా ఇతర చేపల పాలవుతుంది.

గాలానికి చిక్కి పెనుగులాడిన చేపకు మనం పరుగు పందెంలో అలిసినట్టే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం చేరుతుంది. కోలుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. అది లేని వేడి నీటిలో వదిలినంత మాత్రాన చేప బతకదు. కాబట్టి చేపలు నోళ్లు తెరుస్తున్న గుంటలో గాలం వేయకండి. ఎండిపోతున్న మడుగులో మిగిలిన చేపలే వచ్చే ఏటికి విత్తనం.

ఈ వేసవిలో పెద్దవారిని వెంటబెట్టుకుని మీ ఊరి చెరువు దగ్గరికి వెళ్లండి. ఒక ఉష్ణమాపకంతో ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, సాయంత్రం 6 గంటలకు నీటి వేడిని కొలవండి. చేపలు పైకి తేలుతున్నాయా, ఆకాశం మబ్బుగా ఉందా, నీరు ఏ రంగులో ఉందో కూడా పక్కనే రాయండి. వారం రోజుల పట్టిక పూర్తయ్యాక, మీ చెరువులో చేపకు ఊపిరాడని వేళ ఏదో మీరే చెప్పగలరు.