పనిలో నైపుణ్యం, పెదవిపై చిరునవ్వు

మన సమాజంలో ఒక విచిత్రమైన నమ్మకం వేళ్ళూనుకొని ఉంది. బొమలు ముడిచి, ముఖం గంటు పెట్టుకొని కూర్చున్న అధికారి సమర్థుడని, నవ్వుతూ పలకరించే ఉద్యోగి పనిదొంగ అని చాలామంది భావిస్తుంటారు. బడిలో బెత్తం పట్టిన పంతులుగారే మంచి పంతులుగారు. పిల్లలను నవ్వించే ఉపాధ్యాయునికి పాఠం చెప్పడం రాదు. యజమాని లోపలికి అడుగుపెట్టగానే పనివారి నవ్వులు ఠక్కున ఆగిపోతే ఆ దుకాణంలో క్రమశిక్షణ ఉన్నట్లే! ధార్మిక చింతన గల కుటుంబాలలో ఈ నమ్మకం ఇంకో రూపం ధరిస్తుంది. భయభక్తులు గల మనిషి ఎల్లవేళలా గంభీరంగానే ఉండాలని, హాస్యం తేలిక మనుషుల లక్షణమని కొందరు పెద్దలు పిల్లలకు నూరిపోస్తుంటారు. ఈ అభిప్రాయం ఎక్కడి నుండి వచ్చిందో గాని, దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితం నుండి మాత్రం రాలేదని మేము నిస్సంకోచంగా చెప్పగలం.

హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖనం ద్వారా మనకు చేరిన ఒక వృత్తాంతాన్ని చూడండి. జాహిర్ (ర) అనే సహాబీ ఎడారి ప్రాంతానికి చెందినవారు. చూపులకు అందగాడు కారు. మదీనా వచ్చినప్పుడల్లా తమ ప్రాంతంలో దొరికే వస్తువులేవో దైవప్రవక్త (స)కు కానుకగా తెచ్చేవారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన (స) కూడా జాహిర్‌కు కావలసిన సామాను సమకూర్చి పంపేవారు. ఒకనాడు జాహిర్ (ర) బజారులో నిలబడి తన సరుకు అమ్ముకుంటున్నారు. దైవప్రవక్త (స) చప్పుడు చేయకుండా వెనుక నుండి వచ్చి ఆయనను గట్టిగా కౌగలించుకున్నారు. ఎవరో తెలియక జాహిర్ (ర) విడిపించుకోబోయారు. తల తిప్పి చూసి, పట్టుకున్నది ఎవరో గుర్తించాక ఇక విడిపించుకునే ప్రయత్నమే మానుకున్నారు. తన వీపును ఆ పవిత్ర వక్షానికి మరింతగా ఆనించారు. అప్పుడు దైవప్రవక్త (స), ఈ దాసుణ్ణి ఎవరు కొంటారంటూ బజారులో వారిని ఉద్దేశించి బిగ్గరగా పిలిచారు. నన్ను అమ్మితే మీకు ఏమంత ధర రాదని జాహిర్ (ర) జవాబిచ్చారు. అల్లాహ్ దృష్టిలో నీవు చవక సరుకువి కావు, ఎంతో విలువైనవాడివని దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

ఈ సంఘటన జరిగిన చోటును గమనించండి. అది మస్జిదు కాదు, విందు కాదు, పెళ్ళి పందిరి కాదు. ఒక చిన్న వర్తకుడు పొట్టకూటి కోసం నిలబడిన చోటు, అంటే ఆయన పని స్థలం. చుట్టూ కొనేవారు, అమ్మేవారు ఉన్నారు. ఆ పరిహాసంలో అబద్ధమూ లేదు. మనిషన్నవాడెవడైనా అల్లాహ్ దాసుడేనని పండితులు దీనికి వివరణ ఇచ్చారు. అన్నిటినీ మించి, పరిహాసం ముగిసేసరికి జాహిర్ (ర) గౌరవం బజారు నడుమ రెట్టింపయింది. తన రూపం గురించి, తన పేదరికం గురించి ఆయన మనసులో ఏ న్యూనతా భావం ఉన్నదో, సరిగ్గా దానికే మందు వేసిన హాస్యం అది. మా దృష్టిలో పని చోట హాస్యం ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

ఇక నైపుణ్యం విషయానికి వద్దాం. ప్రతి పనినీ ఉత్తమరీతిలో నిర్వర్తించడాన్ని అల్లాహ్ విధిగా చేశాడని దైవప్రవక్త (స) బోధించిన హదీసు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. దీనికి ఆయన (స) ఇచ్చిన ఉదాహరణ ఆశ్చర్యం గొలుపుతుంది. జంతువును జిబహ్ చేసేవాడు ముందుగా కత్తికి పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని ఆదేశించారు. ఇహ్సాన్ అంటే ఏదో అందరాని ఆధ్యాత్మిక శిఖరమని భావించేవారికి కసాయి చేతిలోని కత్తిని చూపించారన్నమాట. కత్తి మొద్దుబారి ఉంటే కసాయి ఎంత మృదువుగా మాట్లాడినా జంతువుకు ఒరిగేదేమీ లేదు. కనుక పదును ముందు, చిరునవ్వు తర్వాత. ఈ క్రమం తారుమారైతే ఏమవుతుందో తెలిపే ఒక వ్యాపార గాథ అమెరికాలో ఉంది.

టెక్సస్ రాష్ట్రంలో 1967లో హర్బ్ కెలహర్ అనే న్యాయవాది, రోలిన్ కింగ్ అనే వ్యాపారి కలిసి ఒక విమాన సంస్థను నెలకొల్పారు. అప్పటికే పాతుకుపోయిన పెద్ద కంపెనీలు దాన్ని కోర్టులకీడ్చాయి. ఆ వ్యాజ్యాలన్నీ దాటుకొని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పేరిట తొలి విమానం ఎగిరేసరికి 1971 జూన్ వచ్చింది. మరుసటి సంవత్సరమే డబ్బుకు కటకటలాడి, ఉన్న నాలుగు విమానాలలో ఒకదాన్ని అమ్మేసుకోవలసి వచ్చింది. నాలుగు విమానాల ప్రయాణ పట్టికను మూడింటితో నడపడం ఎలా? నేల మీద దిగిన విమానాన్ని 10 నిమిషాలలో తిరిగి గాలిలోకి పంపితే తప్ప సాధ్యం కాదు. ఆ 10 నిమిషాలలోనే ప్రయాణికులు దిగాలి, సామాను దించాలి, లోపల శుభ్రం చేయాలి, కొత్త సామాను ఎక్కించాలి, కొత్త ప్రయాణికులు కూర్చోవాలి. వారు దాన్ని సాధించి చూపించారు. ‘అది నా పని కాదు’ అనే మాట వినిపించే చోట ఇటువంటిది జరగదు. సామాను మోసేవాడికి, విమానం నడిపేవాడికి మధ్య అడ్డుగోడ ఉంటే 10 నిమిషాలు చాలవు. ఒకే రకం విమానాన్ని, బోయింగ్ 737ను మాత్రమే వాడడం వల్ల మరమ్మత్తులు, శిక్షణ కూడా సులభమయ్యాయి.

ఈ కఠోర క్రమశిక్షణతో పాటే ఆ సంస్థలో నవ్వులు పూసేవి. కెలహర్ ఉద్యోగులను ఎంచుకునేటప్పుడు స్వభావానికి మొదటి స్థానం ఇచ్చేవారు. నైపుణ్యాన్ని నేర్పుకోవచ్చు గాని స్వభావాన్ని మార్చడం కష్టమన్నది ఆయన సిద్ధాంతం. విమానం బయలుదేరే ముందు చేసే భద్రతా ప్రకటనలను ఎవరూ చెవికెక్కించుకోరన్నది తెలిసిన సంగతే. సౌత్‌వెస్ట్ సిబ్బంది వాటిని చమత్కారంగా, ఒక్కోసారి పాటగా కూడా వినిపించేవారు. నవ్వు కోసం తల ఎత్తిన ప్రయాణికుడి చెవిలో బెల్టు మాట కూడా పడుతుంది. ఇక్కడ హాస్యం పనికి అడ్డు రాలేదు, పనికి చేదోడుగా నిలిచింది. 1992లో ఒక ప్రచార నినాదం విషయమై స్టీవెన్స్ ఏవియేషన్ అనే చిన్న కంపెనీతో వివాదం తలెత్తింది. కోర్టుకు వెళ్ళి వకీళ్ళను పోషించే బదులు రెండు సంస్థల అధిపతులూ డాలస్ నగరంలో జనం ముందు మోచేతులు ఆనించి చేతుల కుస్తీ పట్టారు. 61 ఏళ్ళ కెలహర్ ఓడిపోయారు. గెలిచినవారు ఉదారంగా నినాదాన్ని ఉభయులూ వాడుకోవచ్చన్నారు; సొమ్ము దానధర్మాలకు వెళ్ళింది. స్వయంగా వకీలు అయిన వ్యక్తి వ్యాజ్యాన్ని ఇలా నవ్వులతో ముగించడం మాకు బాగా నచ్చిన విషయం. (ఆయన సిగరెట్లు, మద్యం అలవాట్లను మెచ్చుకోవలసిన పని మనకు లేదు.)

1973 నుండి 2019 వరకు వరుసగా 47 సంవత్సరాలు ఆ సంస్థ లాభాలు గడించింది. దివాళాలకు పేరుపడిన విమానయాన రంగంలో ఇది అసాధారణం. కెలహర్ 2019 జనవరిలో మరణించారు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ‘నవ్వండి, లాభాలు గడించండి’ అని చెప్పి ఊరుకునేవాళ్ళం. కాని 2022 డిసెంబరులో అమెరికాను మంచు తుపాను ముంచెత్తింది. ఇతర సంస్థలు రెండు మూడు రోజులలో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ తేరుకోలేకపోయింది. ఏ పైలట్ ఎక్కడ ఉన్నాడో, ఏ విమానానికి ఎవరిని పంపాలో లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ పాతబడిపోయి, అంతటి తారుమారును తట్టుకోలేక చేతులెత్తేసింది. సిబ్బంది తాము ఎక్కడ ఉన్నారో చెప్పుకోవడానికి గంటల తరబడి ఫోన్లు పట్టుకొని నిరీక్షించారు. 16,000కు పైగా విమానాలు రద్దయ్యాయి. పండుగకు ఇళ్ళకు బయలుదేరిన 20 లక్షల మందికి పైగా ప్రయాణికులు దారిలో చిక్కుకున్నారు. ఆ వ్యవస్థను మార్చమని పైలట్ల సంఘం అంతకు ముందే పలుమార్లు హెచ్చరించింది. ఏడాది తర్వాత ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. విమానాశ్రయంలో పసిపిల్లలతో నేల మీద పడుకున్న తల్లికి ఏ చమత్కారం వినిపించగలరు? మర్యాద గల మనుషులు అక్కడ అప్పుడూ ఉన్నారు. కత్తి పదును తప్పింది, అంతే.

నైపుణ్యం లేని నవ్వు సంగతి అది. నవ్వుకు చోటు లేని నైపుణ్యం మాటేమిటి? హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రులలో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాలలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించారు. లెక్కలు చూస్తే తలక్రిందులుగా వచ్చాయి: మంచి బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆరా తీయగా అసలు సంగతి తెలిసింది. ఆ బృందాలలో నర్సులు పొరపాటు జరిగితే నిర్భయంగా చెప్పుకుంటున్నారు, సరిదిద్దుకుంటున్నారు. పై అధికారి కోపిష్టి అయిన చోట నోరు మెదిపేవారు లేరు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది, ప్రమాదమంతా రోగికి! భయం పొరపాట్లను తగ్గించదు, దాచిపెడుతుంది. పై అధికారి పలకరింపుగా ఒక నవ్వు నవ్వి ఉంటే, కొత్తగా చేరిన నర్సు ధైర్యం చేసి ‘అమ్మా, ఈ మోతాదు సరైనదేనా?’ అని అడిగి ఉండేది.

అయితే నవ్వులన్నీ ఒకటి కావు. భయం పుట్టించే నవ్వు కూడా ఒకటుంది. ఒక ప్రయాణంలో సహాబీలలో ఒకరు నిద్రిస్తుండగా మరొకరు సరదాకు ఆయన తాడు తీసుకోబోయారు. నిద్రిస్తున్నవారు ఉలిక్కిపడి లేచారు. తోటి ముస్లింను భయపెట్టడం ఏ ముస్లింకూ ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) అప్పుడు వారించారు. ఈ వృత్తాంతం అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఎంత చిన్న చేష్ట! మన కార్యాలయాలలో ఇంతకంటే ఘోరమైనవి నిత్యం ‘సరదా’ పేరిట చెలామణి అవుతున్నాయి. జిల్లా నుండి వచ్చిన కుర్రవాడి యాసను అనుకరించి నవ్వడం, నల్లని పిల్లకు ఒక పేరు, లావుపాటి మనిషికి ఒక పేరు తగిలించడం, హిజాబ్ గురించో గడ్డం గురించో వ్యాఖ్యలు విసరడం, ఉద్యోగం పోయిందని అబద్ధపు సందేశం పంపి ఏడిపించడం. ఎవరైనా నొచ్చుకుంటే ‘హాస్యాన్ని కూడా తట్టుకోలేవా?’ అని ఎదురు దాడి! దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడాన్ని, చెడ్డ మారుపేర్లతో పిలుచుకోవడాన్ని స్పష్టంగా నిషేధించింది. ఈ ఆజ్ఞలో పురుషులను, స్త్రీలను విడివిడిగా పేర్కొన్నది కూడా. జాహిర్ (ర) బజారులో పెద్దవాడయ్యారు. ఈ ‘సరదా’లకు గురైనవాడు మరునాడు పొరపాటును చూసినా నోరు విప్పడు.

పని అనగానే ఆఫీసూ, ఫ్యాక్టరీయే గుర్తుకు రావడం మన దురలవాటు. ఇల్లాలి పనికి జీతమూ లేదు, సెలవూ లేదు. రమజాను నెలలో సహరీ వంటకు అందరికంటే ముందు లేచేది ఆమె, ఇఫ్తార్ గిన్నెలు కడిగి అందరికంటే చివర కూర్చునేది ఆమె. కూరలో ఉప్పు తగ్గిన రోజున భర్త చేసే వ్యాఖ్య ఇంటిల్లిపాదినీ నవ్వించనూ వచ్చు, ఆమె చేతిలోని ముద్దను అక్కడే ఆపనూ వచ్చు. దైవప్రవక్త (స) ఇంటి పనులలో చేయందించేవారు, హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం కూడా వేశారు. ఒకసారి ఆమె గెలిచారు. చాలా కాలం తర్వాత మరోసారి ఆయన (స) గెలిచి, ఆనాటి దానికి ఇది చెల్లు అన్నారు. రాజ్య భారం, ధర్మ భారం మోస్తున్న మహనీయుడు ఎన్నాళ్ళ క్రిందటి పందాన్నో గుర్తుంచుకున్నారంటే ఆ నవ్వుకు వారింట ఎంత విలువ ఉండేదో ఊహించండి.

గల్ఫ్ దేశాలలో పని చేసే మన కరీంనగర్, నిజామాబాద్, కడప సోదరులకు ఇది మరో విధంగా తెలుసు. ఎండలో రోజంతా ఇనుము వంచి, ఇరుకు గదిలో కొందరు కలిసి వండుకు తినే చోట, అందరినీ నవ్వించే ఒక మనిషి ఉంటాడు. ఇంటి నుండి దుర్వార్త వచ్చినవాడి పక్కన ఆ రాత్రి నవ్వించకుండా కూర్చునేది కూడా అతడే.

ఇక చాంద్ రాత్ నాడు మన ఊళ్ళలోని దర్జీ దుకాణాలను చూడండి. తెల్లవారితే ఈద్. గూటిలో ఇంకా కుట్టవలసిన కుర్తాలు పేరుకుపోయి ఉన్నాయి, వాకిట్లో ఖాతాదారులు గుంపు కట్టి ఉన్నారు, కాజాలు కుట్టే కుర్రవాడి కళ్ళు మూతలు పడుతున్నాయి. మాస్టరు ఏదో ఒక మాట విసురుతాడు. మిషన్లన్నీ ఒక్క క్షణం ఆగి, నవ్వి, మళ్ళీ కదులుతాయి. కుర్రవాడు కళ్ళు తుడుచుకొని సూది అందుకుంటాడు. ఆ నవ్వులోనే మాస్టరు టేపు అందుకొని, కత్తెర వేయబోయే ముందు గుడ్డను మరోసారి కొలుస్తాడు.