బూర స్పీకరు తరవాత ఏది?

పెళ్ళి పందిట్లో రాటకు కట్టిన బూర ఊరంతా వినిపించడం మనం ఎరుగుదుం. నోటికి రెండు చేతులూ దోపి పిలిస్తే కేక దూరం పోదూ? కిటుకు అదే. ఆ కిటుకునే ఇంటి సంగీతానికి వాడి, పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1946లో అమెరికాలో కంపెనీ పెట్టాడు. ఆయన పెద్ద స్పీకరు గది మూలలో ఒదిగి, రెండు గోడలనూ బూర మూతిలో కలుపుకుంటుంది. మూలలన్నీ తలుపులూ కిటికీలే అయిన ఇంటికి మారితే చిక్కే!

మరేం కొనాలి? 1954లో ఎడ్గార్ విల్చర్ చిన్న పెట్టెలో గాలిని బంధించి, దాన్నే స్ప్రింగులా వాడుకున్నాడు. అరలో పట్టే పెట్టె. మంద్రం మాత్రం గంభీరం. కాని దాని తిండి ఎక్కువ సుమండీ! ఒక్క వాట్టుకు, మీటరు దూరాన, పెద్ద బూర సుమారు 105 డెసిబెల్సు పలికితే, ఇలాంటి పెట్టెలు 85 దగ్గర ఆగడం కద్దు. తేడా ఇరవయ్యేగా అనుకోకండి. పదికి పదింతల శక్తి కావాలి, ఇరవైకి నూరింతలు. బూర 2 వాట్లతో పలికిన హోరుకు పెట్టె 200 అడుగుతుంది. ముచ్చటపడి కొనుక్కున్న చిన్న వాల్వు యాంప్లిఫయరు అక్కడ చేతులెత్తేస్తుంది. అంచేత స్పీకరు ధర ఒక్కటే చూసినవారికి రెండో ఖర్చు తప్పదు.

యాంప్లిఫయరును వదులుకోలేనివారు 95కు పైన పలికేవి వెదకాలి. అవి కాస్త భారీగానే ఉంటాయి. కొట్లో రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు సమంగా మోగించమనండి. బిగ్గరగా పలికేదే మేలనిపిస్తుంది చెవికి. బాగా ఎరిగిన గొంతు ఒకటి, మృదంగం ఒకటి వెంట తీసుకువెళ్ళండి. బూరకు అలవాటైన చెవికి కొత్తది మొదట మందకొడిగా తోస్తుంది. ఒప్పుకుంటే ఇంటికి తెచ్చి వారం రోజులు వినండి.