మీకు తెలుసా? రాయి కంటే దాని చోటే ముఖ్యం!

జగ్గయ్యపేట ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అప్పటికే ఇటుకలు, పలకలు చాలావరకు తరలిపోయాయి. అయినా ఆయక స్తంభాల (స్తూప ద్వారాల దగ్గర నిలిపే స్తంభాలు) మీది శాసనాలు దొరికాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర ఐదు స్తంభాలు నిలిపాడని అవి చెబుతాయి. రాజుది కాదు, పనివాడి దానం! ఆ స్తంభాలు ఏ ద్వారానివో మనకు తెలిసింది శాసనం చెప్పబట్టే. మాట్లాడని పెంకుకు, పూసకు ఆ అదృష్టం లేదు.

అందుకే నేటి తవ్వకంలో నేలను చదరపు గడులుగా విడగొట్టి, మధ్య గట్లు వదులుతారు. గట్టు గోడలో మట్టి పొరలు కనిపిస్తాయి. సాధారణంగా అడుగు పొర పాతది. దొరికిన ప్రతి వస్తువుకూ గడి, పొర, లోతు, తేదీ చీటీ మీద రాసి, ఫొటో తీసి, కొలతలతో పటం గీసి, ఆ తర్వాతే కదుపుతారు. శాసనమైతే తడి కాగితం పరచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు.

నందిగామ, జగ్గయ్యపేట రైతులారా, దుక్కిలో చెక్కడపు రాయి తగిలితే కడగకండి, కదపకండి. ఉన్నచోటే ఫొటో తీసి తహసీల్దారుకు చెప్పండి.