పొగగొట్టానికి ఊపిరాడుతోందా?

బాలలూ! కట్టెల పొయ్యి పొగను గొట్టం బయటకు ఎలా పంపుతుందో తెలుసా? వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది. గొట్టంలో పైకి లేస్తుంది. దాని స్థానంలోకి పొయ్యి నోటి గుండా చల్లగాలి వస్తుంది. అందులోని ఆక్సిజనే మంటకు ప్రాణం. ఈ సూత్రంతోనే హైదరాబాదు ఇంజనీరు ఎస్.పి. రాజు పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకం వెలువరించారు.

మరి పచ్చికట్టెలు పెడితే? మరిగే నీరు ఒక్క గ్రాము ఆవిరి కావడానికే సుమారు 540 కేలరీల వేడి కావాలి. అందువల్ల మంట చల్లబడుతుంది. కట్టె పూర్తిగా కాలదు. మసి, తారు గొట్టం లోపల పేరుకుంటాయి. దారి ఇరుకై పొగ వంటింట్లోకి మళ్లుతుంది. దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా! దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం కలిగితే వెంటనే బయటి గాలిలోకి వెళ్లాలి. పేరుకున్న మసి అంటుకుంటే ఇంటికప్పుకే ముప్పు.

అందుకే ఎండుకట్టెలే వాడాలి. పొయ్యి పూర్తిగా చల్లారాక పెద్దలు వెదురుకర్రకు కొబ్బరిపీచు కట్టి, గొట్టంలోని మసిని క్రమం తప్పక దులపాలి. గొట్టానికి పూరికప్పు తగలకూడదు. బూడిదలో నిప్పు గంటల తరబడి దాగి ఉంటుంది. నీళ్లు చల్లనిదే పారబోయరాదు. చలికాలమని బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపులు మూసి నిద్రపోరాదు.

ఒక చిన్న పరీక్ష! పొయ్యి మండుతుండగా, పెద్దల సమక్షంలో, వెలిగించిన అగరువత్తిని పొయ్యి నోటి దగ్గర పట్టండి. పొగ లోనికి వెళితే గొట్టం బాగున్నట్లే. మీ వైపు వస్తోందా? మసి దులిపే రోజు వచ్చిందన్న మాట!