టీకా కంటే ముందు నమ్మకం

మన బెంగళూరులో ప్లేగు మారమ్మ గుళ్ళు ఉన్నాయని మీలో ఎందరికి తెలుసు? 1898 ఆగస్టులో ఈ ఊరికి ప్లేగు వచ్చింది. వేలమంది పోయారు. ఎంతోమంది ఇళ్ళు వదిలి ఊరిబయట పాకలు వేసుకున్నారు. ఇరుకు పేటల నుంచి జనం తరలడంతో బసవనగుడి, మల్లేశ్వరం త్వరగా పెరిగాయి. మనవాళ్ళు చాలామంది కాపురముంటున్న ఆ వీధుల వెనుక ఇంత కథ ఉంది.

అప్పటికే ప్లేగుకు టీకా ఉంది. నేటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో 1860లో పుట్టిన వాల్డెమార్ హాఫ్కిన్ దాన్ని బొంబాయిలో తయారుచేసి, 1897 జనవరి 10న ముందు తానే పొడిపించుకున్నాడు. అయినా జనం జంకారు. ఇళ్ళల్లో సోదాలు చేసి, రోగుల్ని బలవంతంగా తీసుకుపోయే సర్కారు సూది వేస్తానంటే ఎవరికి నమ్మకం కలుగుతుంది? యువకుడైన ఆగాఖాన్ తనవారందరి ఎదుట టీకా వేయించుకుని ఆయన అనుచరులకు ధైర్యం చెప్పాడు.

భయానికి కారణాలు లేకపోలేదు. 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్కిన్ మీద పడింది. ఆయన తప్పు లేదని తేలేసరికి 1907 వచ్చింది. అందుకే సందేహించేవారిని మూఢులని తీసిపారెయ్యడం నాకు నచ్చదు.

2021లో మనమూ ఇదే చూశాం. జనవరి 16న దేశంలో కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. మార్చిలో అరవై దాటినవారి వంతు వచ్చినప్పుడు మా పిన్నిగారు ససేమిరా అన్నారు. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు, పైగా షుగరు. "ఏడాదిలో తయారైన మందును ఎలా నమ్మేదిరా? నాకేమన్నా అయితే మీ బాబాయికి అన్నం ఎవరు పెడతారు?" అనేవారు. ఇక్కడికొచ్చి ముప్పయ్యేళ్ళయినా ఆవిడ కన్నడం కూరగాయల బండి దాటలేదు. కరపత్రాలు కన్నడంలో, ఫోనులో సమాచారం ఇంగ్లీషులో వచ్చేవి. తెలుగులో ఆవిడ చెవిన పడేవన్నీ పుకార్లే.

మా పై వాటాలో చిత్తూరు నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, తను వేయించుకున్నాక జ్వరం వచ్చిందనీ, రెండు రోజులు చెయ్యి లేవలేదనీ, ఆ తర్వాత మామూలుగా డ్యూటీకి వెళ్ళాననీ ఉన్నదున్నట్టు చెప్పింది. "దాచకుండా చెప్పింది, దీంతోనే వెళ్తాను" అన్నారు పిన్ని. వెళ్ళారు కూడా. ఏప్రిల్, మే నెలల్లో రెండో విడత మహమ్మారి విరుచుకుపడి, టీకా కావాలన్నవారికే దొరకనప్పుడు, ఆ సాయంత్రం విలువ మా ఇంట్లో అందరికీ అర్థమైంది.

రష్యా సంగతి చూడండి. 2020 ఆగస్టు 11న అందరికంటే ముందు కోవిడ్ టీకాను నమోదు చేసిన దేశమది. పెద్ద ఎత్తున ప్రయోగాలు పూర్తికాకముందే ఆమోదించారు. తర్వాత ఉచితంగా ఇస్తామన్నా సొంత ప్రజల్లోనే చాలామంది వెనకాడారు. చివరికి 2021 జూన్‌లో మాస్కోలో సేవారంగ ఉద్యోగుల్లో అత్యధికులకు తప్పనిసరి చెయ్యవలసి వచ్చింది. అదే స్పుత్నిక్‌ను హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ మన దేశానికి తెచ్చి 2021 మే 14న తొలి మోతాదు వేయించింది. కొరతలో ఉన్న మనవాళ్ళు దానికోసం ఎదురుచూశారు. మందు ఒకటే అయినా రెండు దేశాల్లో జనం మనసు వేరుగా ఉంది.

2021 అక్టోబరు 21 నాటికి మన దేశం 100 కోట్ల మోతాదులు దాటింది. ఇంత పెద్ద పని జరిగినా, పరాయి భాష మధ్య బతికే మన పెద్దలకు ఒక లోటు మిగిలే ఉంది. తమ మాటలో అడిగి తెలుసుకునేందుకు వారికి ఎవరో ఒకరు కావాలి. మన సంఘాల్లో డాక్టర్లూ, నర్సులూ తక్కువేం కాదు. ఉగాది, సంక్రాంతి వేడుకల్లో పాటలు, భోజనాల నడుమ ఒక గంట వారికి ఇద్దాం. మంచితో పాటు జ్వరం, చెయ్యి నొప్పి సంగతులు కూడా దాచకుండా, తెలుగులో, తీరిగ్గా చెప్పమందాం. అవసరం ముంచుకొచ్చేదాకా ఆగనక్కరలేదు.